వాక్యార్థమూ చీమల బారూ

మాట వినగానే అర్థం తెలియడం నిత్యానుభవమే అయినా, ఆ తెలియడం ఏ దశలో, దేనివల్ల జరుగుతుందన్న ప్రశ్నను భారతీయ దార్శనికులు వెయ్యేళ్లకు పైగా విడిచిపెట్టకుండా చర్చించారు. దీన్ని వైయాకరణుల వాగ్వినోదంగా భావించడం పొరపాటు, ఎందుకంటే దాని వెనుక గట్టి మతావసరం ఉంది. వేదం అపౌరుషేయమని, అంటే ఏ పురుషుడూ రచించినది కాదని నమ్మిన మీమాంసకులకు, చెప్పినవాడి ఉద్దేశాన్ని బట్టి అర్థాన్ని నిర్ణయించే దారి మొదటే మూసుకుపోయింది. స్వర్గం కోరేవాడు యాగం చేయాలని విధించే వాక్యం, వక్త అంటూ ఎవరూ లేకుండానే, తన అర్థాన్ని తానే ఇవ్వగలగాలి. ఇవ్వగలదని నిరూపించలేకపోతే ధర్మానికి వేదమే ప్రమాణమన్న సిద్ధాంతం నిలవదు. ఇదే ప్రశ్నకు ఇటీవలి కొన్ని దశాబ్దాల్లో మెదడు శాస్త్రం తన పద్ధతిలో జవాబు వెతుకుతున్నది. భాషను వింటున్నప్పుడు, చదువుతున్నప్పుడు మెదడులోని వేర్వేరు ప్రాంతాల మధ్య సంబంధాలు ఎలా మారుతున్నాయో కొలిచి చూపుతున్నది. ఆ కొలతలు పాత వివాదంలో ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతాయన్నది, అసలు చెప్పగలవా అన్నది, ఇక్కడి విచారం.

చిక్కు వర్ణాల దగ్గరే మొదలవుతుంది. "ఆవు" అన్నప్పుడు "ఆ" వినిపించే వేళకు "వు" ఇంకా పుట్టలేదు. "వు" వినిపించే వేళకు "ఆ" నశించింది. రెండూ ఒకే క్షణంలో ఎన్నడూ లేనప్పుడు వాటి కలయిక అర్థాన్ని ఎలా ఇస్తుంది? ముందరి వర్ణాలు మనసులో వదిలిన సంస్కారాలతో కూడిన చివరి వర్ణం అర్థాన్ని ఇస్తుందని మీమాంసాభాష్యకారుడు శబరుడు చెప్పాడు. సుమారు 5వ శతాబ్దానికి చెందిన వైయాకరణుడు భర్తృహరి ఈ దారిని అంగీకరించక, వాక్యపదీయంలో స్ఫోట సిద్ధాంతాన్ని విస్తరించాడు. స్ఫోటమంటే ధ్వనులచేత వ్యక్తమయ్యే, తనలో తాను విభాగం లేని, అర్థాన్ని స్ఫురింపజేసే శబ్దతత్త్వం. అతని దృష్టిలో అసలైన స్ఫోటం వాక్యమే. పదాలూ వర్ణాలూ శాస్త్రసౌకర్యం కోసం వాక్యాన్ని చీల్చి చూపిన కల్పిత భాగాలు మాత్రమే. వాక్యార్థం క్రమంగా పోగయ్యేది కాదు, ఒక్కసారిగా మెరిసేది. ఆ మెరుపుకే అతను ప్రతిభ అని పేరు పెట్టాడు.

మీమాంసకులు స్ఫోటాన్ని తిరస్కరించారు గాని, తమలో తాము రెండుగా చీలిపోయారు. 7వ శతాబ్దపు కుమారిల భట్టు అభిహితాన్వయవాది: పదాలు ముందుగా తమతమ అర్థాలను విడివిడిగా చెబుతాయి, అలా చెప్పబడిన అర్థాలు ఆ తర్వాత ఒకదానితో ఒకటి అన్వయించుకుని వాక్యార్థం అవుతాయి. ప్రభాకరుడు అన్వితాభిధానవాది: ఇతర పదార్థాలతో అప్పటికే ముడిపడిన అర్థాన్ని తప్ప, ఒంటరి అర్థాన్ని ఏ పదమూ చెప్పదు. ప్రభాకర పక్షానికి ఆధారం పసివాడు భాష నేర్చుకునే తీరు. ఒక పెద్దవాడు "ఆవును తీసుకురా" అంటే మరొకడు వెళ్లి తెస్తాడు. "ఆవును కట్టెయ్యి", "గుర్రాన్ని తీసుకురా" అన్నప్పుడు జరిగే పనులు వేరుగా ఉంటాయి. మాట ఒకటి తీసి మరొకటి పెట్టినప్పుడు పనిలో ఏం మారిందో గమనిస్తూ బిడ్డ ఒక్కో పదాన్ని పట్టుకుంటాడు. పదం అతనికి ఎప్పుడూ వాక్యం లోపలే దొరికింది కాబట్టి, దాని శక్తి కూడా అన్వయంతో కలిసే తెలుస్తుందని వారి వాదం.

తార్కికులైన నైయాయికులు ఈ జగడాన్ని ఆచరణలోకి దింపి, వాక్యార్థజ్ఞానం కలగడానికి మూడు కారణాలు కావాలన్నారు. భారతదేశమంతటా తర్కంలో తొలి పాఠ్యగ్రంథంగా నిలిచిన తర్కసంగ్రహంలో, 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు ఈ మూడింటినీ ఎంతో పొదుపుగా వివరించాడు. ఒక పదం మరొక పదం లేకుండా అన్వయాన్ని పూర్తి చేయలేకపోవడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే మాటలున్నాయి గాని ఆకాంక్ష లేదు, కాబట్టి వాక్యం లేదు. అర్థాల మధ్య విరోధం లేకపోవడం యోగ్యత; నిప్పుతో తడుపుతున్నాడన్న మాటలో అది లేదు. పదాలను ఆలస్యం లేకుండా పలకడం సన్నిధి. ఆవును అనే మాట ఒక జామున, తీసుకురా అనే మాట మరో జామున పలికితే అది లోపిస్తుంది. ఈ మూడు ఉదాహరణలనూ గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ప్రయోగశాలల్లో పరిశోధకులు, తర్కసంగ్రహంతో ఏ సంబంధమూ లేకుండానే, దాదాపు ఇవే మూడు లోపాలను వాక్యాల్లో పెట్టి మెదడును పరీక్షించారు.

మెదడులో భాషకు స్థానాలున్నాయన్న సంగతి 1861లో పాల్ బ్రోకా, 1874లో కార్ల్ వెర్నికే రోగులను పరిశీలించి చెప్పిన నాటినుంచీ తెలిసినదే. జాలం అన్న భావన మాత్రం చాలా తర్వాతిది. దాన్ని కొలవడానికి వాడే ఎఫ్‌ఎమ్ఆర్ఐ యంత్రం నాడీకణాల పనిని నేరుగా చూడదు. పనిచేస్తున్న చోటికి చేరే రక్తంలో ప్రాణవాయువు మోతాదు ఎలా మారుతున్నదో చూస్తుంది, ఆ మార్పు కూడా నాలుగైదు సెకన్లు ఆలస్యంగా శిఖరానికి చేరుతుంది. 1995లో భరత్ బిశ్వాల్, అతని సహచరులు, మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నప్పుడు కూడా కదలికలను నడిపే కుడి ఎడమ ప్రాంతాల సంకేతాలు కలిసి పెరుగుతూ కలిసి తగ్గుతున్నాయని చూపారు. ఇలా కాలంలో కలిసి హెచ్చుతగ్గులయ్యే ప్రాంతాల సముదాయాన్నే క్రియాత్మక జాలం, అంటే ఫంక్షనల్ నెట్‌వర్క్ అంటారు. ఆ ప్రాంతాల మధ్య నరాల తీగలు నేరుగా ఉండాలన్న నియమం లేదు. రెండు సంకేతాలు కలిసి నడవడమే జాలానికి లక్షణం. చాలామందిలో ఎడమ లలాటభాగంలోను, కణత వెంబడి పొడవునా వ్యాపించిన కొన్ని ప్రాంతాలు భాషాజాలంగా కలిసి పనిచేస్తాయి. ద్రావిడ కుటుంబంతో సహా 12 భాషా కుటుంబాలకు చెందిన 45 భాషలవారిని, భాషకు ఎక్కువగా ఇద్దరేసి చొప్పున పరీక్షించి 2022లో వెలువరించిన అధ్యయనంలో, ఈ జాలం స్థూలరూపం అన్నింటా ఒక్కటిగానే కనిపించింది.

స్ఫోటవాదికి అన్నింటికన్నా ప్రీతికరంగా తోచే ప్రయోగం 2016లో నయ్ డింగ్, డేవిడ్ పొపెల్, వారి సహచరులు ప్రచురించినది. చీనీ భాషలో ఒక్కొక్క అక్షరం సరిగ్గా పావు సెకను ఉండేలా కంప్యూటరుతో విడివిడిగా తయారుచేసి, నాలుగేసి అక్షరాల వాక్యాలుగా, మధ్యలో విరామమన్నదే లేకుండా వినిపించారు. ప్రతి వాక్యంలోనూ మొదటి రెండక్షరాలు నామపదబంధం, తరువాతి రెండు క్రియాపదబంధం. ధ్వనిలో కొలవగలిగిన లయ ఒక్కటే, సెకనుకు నాలుగు అక్షరాలు. వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పే ఊనిక గాని, స్వరంలో దిగుడు గాని అందులో లేవు. అయినా చీనీ తెలిసిన శ్రోతల మెదడు నుంచి వెలువడే అయస్కాంత సంకేతాల్లో మూడు లయలు బయటపడ్డాయి: అక్షరానికి సెకనుకు నాలుగు, పదబంధానికి రెండు, వాక్యానికి ఒకటి. చీనీ రాని ఆంగ్ల భాషీయులకు అదే ధ్వనిని వినిపిస్తే మొదటి లయ తప్ప తక్కినవి కనిపించలేదు. ధ్వనిలో లేని వాక్యం శ్రోతలో ఉందన్నమాట. ధ్వని వేరు, అది వ్యక్తం చేసే శబ్దం వేరు అని భర్తృహరి చేసిన విభజనకు ఇంతకన్నా శుభ్రమైన దృష్టాంతం దొరకడం కష్టం.

అయితే ఇక్కడితో ఆగి, స్ఫోటాన్ని సైన్సు నిరూపించిందని ప్రకటించే ఉత్సాహం తొందరపాటే అవుతుంది. ఆ మాదిరి ప్రకటనలకు ఈ దేశంలో కొరవేమీ లేదు. అదే ప్రయోగంలో వాక్యలయ కింద పదబంధలయ, దాని కింద అక్షరలయ చెక్కుచెదరకుండా ఉన్నాయి. భాగాలు కల్పితాలైతే వాటికి వేరుగా లయ ఎందుకుండాలి? మూర్ఛరోగ చికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన కొందరు రోగులతో ఎవెలీనా ఫెదొరెంకో బృందం అదే ఏడాది ప్రచురించిన ఫలితం ఈ సందేహానికి మరింత బలమిస్తుంది. ఎనిమిది పదాల వాక్యాన్ని ఒక్కో పదంగా తెర మీద చూపుతున్నకొద్దీ భాషాజాలంలోని పలుచోట్ల సంకేతబలం మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయింది. సంబంధం లేని పదాల వరసలో, అంటే అన్నంభట్టు చెప్పిన ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు వంటి వరసలో, ఆ పెరుగుదల లేదు. వాక్యార్థం ఒక్క మెరుపుగా కాక పేరుకుంటూ వస్తున్నదనడానికి ఇది సాక్ష్యం. ముందరి వాటి సంస్కారాలతో కూడిన చివరిదే అర్థాన్ని ఇస్తుందన్న శబరుని మాట, వర్ణాల విషయంలో చెప్పినదైనా, ఈ చిత్రానికి స్ఫోటం కన్నా దగ్గరగా ఉంది. ప్రతిభ అన్నది పేరుకోవడం పూర్తయిన క్షణపు అనుభవమని భర్తృహరి పక్షంవారు సమాధానం చెప్పవచ్చు. అది చెల్లుతుంది గాని, అలా చెప్పినప్పుడు స్ఫోటం అనుభవవర్ణనగా మిగులుతుందే తప్ప కారణంగా నిలవదు.

కుమారిలుడికీ ప్రభాకరుడికీ మధ్య తీర్పు మరింత ఆసక్తికరమైనది. 1980లో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ తల మీద అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా ఈఈజీ తీస్తూ, వెచ్చని రొట్టె మీద మేజోళ్లు పూసినట్టు ముగిసే వాక్యాన్ని చదివించారు. ఆ చివరి పదం కనబడిన తరువాత దాదాపు 400 మిల్లీసెకన్లకు రుణవిద్యుత్తు వైపు ఒక అల లేచింది. దానికే ఎన్400 అని పేరు వచ్చింది. నిప్పుతో తడపడమూ ఇలాంటిదే. తార్కికులు యోగ్యతాలోపమన్నదానికి మెదడులో కాలం కొలవగలిగిన గుర్తు ఇది. వాక్యనిర్మాణంలో ఆకాంక్ష భంగపడినప్పుడు వేరే అల, ఇంచుమించు 600 మిల్లీసెకన్ల వద్ద ధనవిద్యుత్తు వైపు లేస్తుందని తరువాతి ప్రయోగాలు చూపాయి గాని, ఈ రెండింటినీ అంత తేటగా విడదీయవచ్చునా అన్నదాని మీద పరిశోధకుల మధ్య ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి.

కుమారిలుడి లెక్క ప్రకారం, ముందు పదార్థం, తరువాత అన్వయం. కాబట్టి ప్రాణం లేని వస్తువుకు ప్రాణుల గుణం అంటగట్టిన మాట, సందర్భం ఏదైనా సరే, మొదట అడ్డు తగలాలి, ఆ తరువాతే కథాసందర్భం దాన్ని సర్దిచెప్పాలి. 2006లో మంటే న్యూలాండ్, యోస్ వాన్ బెర్కుమ్ డచ్చి భాషలో సరిగ్గా ఈ అంచనాను పరీక్షించే కథ ఒకటి వినిపించారు. అందులో వేరుశెనగ గింజ నవ్వుతూ, నాట్యమాడుతూ, కొత్తగా పరిచయమైన అమ్మాయి గురించి పాట పాడుతుంది. కొన్ని వాక్యాలు గడిచాక ఆ గింజ ప్రేమలో పడిందన్న మాటకు ఎన్400 పెద్దగా లేవలేదు. ఉప్పు వేసిన గింజ అన్న మాటకే పెద్ద అల లేచింది. లోకంలో వేరుశెనగకు ఉప్పు సహజం, ప్రేమ అసంబద్ధం. కాని కథ నడిచిన దారిలో ఆ పదం వినిపించే వేళకే దాని అర్థం అన్వయంతో ముడిపడి ఉంది. ఒంటరి అర్థం ముందు తలెత్తి, ఆ తరువాత సర్దుకున్న జాడ లేదు. పదం అన్వితమైన అర్థాన్నే చెబుతుందన్న ప్రభాకరుడి పక్షానికి ఇంత చిన్న గింజ ఇంత బలం ఇవ్వడం విశేషం. ఎన్400 కన్నా ముందే, తొలి 200 మిల్లీసెకన్లలో, పదాల సొంత అర్థాలు మెదలుతాయని చెప్పుకునే వెసులుబాటు కుమారిల పక్షానికి లేకపోలేదు. సాక్ష్యం మొగ్గు మాత్రం ప్రభాకరుడి వైపే ఉంది.

తెలుగు వాక్యం ఈ విషయంలో తనదైన పరీక్ష పెడుతుంది. "నిన్న సాయంత్రం ఊరినుంచి వచ్చిన" అన్నంతవరకు విన్న శ్రోత, వచ్చినది మామయ్యా, ఉత్తరమా, వార్తా తెలియకుండానే, నామవాచకం కోసం ఎదురుచూస్తూ అన్వయానికి చోటు సిద్ధం చేసి పెట్టుకుంటాడు. క్రియ చివరికి వచ్చే భాషలలో ఆకాంక్ష వాక్యం పొడవునా తెరిచే ఉంటుంది. ఈ విషయమై జరిగిన ప్రసిద్ధ ప్రయోగాల్లో అధికభాగం ఆంగ్లం, డచ్చి, చీనీ వంటి భాషలకే పరిమితమైనవన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

సన్నిధి విషయంలో మెదడు ఇచ్చే జవాబు తార్కికులు ఊహించిన దానికన్నా విశాలమైనది. 2011లో యూలియా లెర్నర్, ఉరి హాసన్, వారి సహచరులు సుమారు 7 నిమిషాల కథను ఉన్నదున్నట్టు ఒకసారి, పేరాలను తారుమారు చేసి ఒకసారి, వాక్యాలను తారుమారు చేసి ఒకసారి, పదాలనే చెల్లాచెదురు చేసి మరొకసారి వినిపించారు. చెవికి దగ్గరి శ్రవణప్రాంతాలు ఏ రూపానికైనా నిలకడగా స్పందించాయి. కణత వెంబడి ముందుకూ వెనక్కూ వెళ్లినకొద్దీ నిలకడైన స్పందనకు వాక్యం కావలసి వచ్చింది. ఇంకా దూరాన, మనిషి ఊరకే ఉన్నప్పుడు కలిసి చురుకుగా ఉంటాయని 2001 నుంచి పేరుపడ్డ డిఫాల్ట్ మోడ్ జాలంలోని ప్రాంతాలకైతే పేరాల క్రమం చెడకూడదు. సన్నిధి ఒకటి కాదు, అంచెలుగా ఉంది. అక్షరానికొక గడువు, వాక్యానికొక గడువు, కథకొక గడువు. 2016లో ఎరెజ్ సిమొనీ, హాసన్‌తో కలిసి ఇంకో అడుగు వేశాడు. కథ నడుస్తున్నకొద్దీ డిఫాల్ట్ మోడ్ జాలంలోని ప్రాంతాల మధ్య సంబంధాలు ఘట్టానికొక తీరుగా మారుతున్నాయని, ఆ తీరును బట్టి ఏ ఘట్టం శ్రోతలకు తరువాత గుర్తుంటుందో ముందే అంచనా కట్టవచ్చని అందులో తేలింది.

ఈ మార్పులు ఎంత పెద్దవని అడిగితే మాత్రం ఉత్సాహం కొంచెం తగ్గించుకోక తప్పదు. ఒక మనిషి జాలాల స్థూలస్వరూపం అతను విశ్రాంతిలో ఉన్నా పనిలో ఉన్నా చాలావరకు ఒకటేనని, పని తెచ్చే మార్పు వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న భేదంతో పోలిస్తే చిన్నదని 2014, 2018 సంవత్సరాల అధ్యయనాలు చూపాయి. భాషాజాలం విషయంలో వచ్చిన మరో ఫలితం భర్తృహరిని సూటిగా తాకుతుంది. శబ్దంతో ముడిపడని జ్ఞానమే లోకంలో లేదన్నది అతని సుప్రసిద్ధ ప్రతిజ్ఞ. ఎడమ అర్ధగోళంలో పెద్ద దెబ్బ తగిలి వాక్యనిర్మాణ శక్తిని కోల్పోయిన రోగులు కుండలీకరణాలున్న లెక్కలను కూడా చేయగలిగారని రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లో ప్రచురించింది. భాషాజాలానికీ, కష్టమైన పనులలో చురుకయ్యే మరో జాలానికీ హద్దు ఉందని తరువాతి పరిశోధనలు ధ్రువీకరించాయి. దీనికి భర్తృహరి పక్షం నుంచి, ప్రతిజ్ఞలోని శబ్దమంటే వినిపించే వైఖరి గాని, మనసులో మెదిలే మధ్యమ గాని కాదని, వాటికి మూలమైన పశ్యంతి అని సమాధానం వస్తుంది. కాని వాక్కు అన్న పేరును అంత లోపలికి జరిపితే, ఆ ప్రతిజ్ఞను ఖండించడానికి వీలుండదు, సమర్థించడానికీ వీలుండదు.

జాలాన్ని సాక్షిగా పిలిచేవారు దాని పుట్టుక కూడా అడగాలి. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యంలో దేవతాధికరణం దగ్గర స్ఫోటాన్ని ఖండిస్తూ, వర్ణాలకు వేరుగా పదం అనే అఖండవస్తువు అక్కరలేదన్నారు. చీమలు క్రమం తప్పకుండా నడిస్తే బారు అన్న బుద్ధి పుట్టినట్టే, క్రమంలో తెలిసిన వర్ణాలే పదమన్న బుద్ధిని పుట్టిస్తాయని వాదించారు. క్రియాత్మక జాలం అచ్చంగా ఆ చీమల బారు వంటిదే. వేలకొలది చోట్ల కొలిచిన సంకేతాలలో ఏవి ఎంత కలిసి నడిచాయో గణించి, ఒక పరిమితి దాటిన వాటిని ఒక ముద్దగా చూసి, పరిశోధకుడు దానికి జాలమని పేరు పెడతాడు. పరిమితిని మారిస్తే జాలాల సంఖ్య మారుతుంది. అఖండమైన వాక్యార్థానికి ఆధారంగా చూపిన జాలం తానే అవయవాల సముదాయమైనప్పుడు, భాగాలకు మించిన మొత్తం ఉందా అన్న ప్రశ్న తీరలేదు, భాష నుంచి మెదడుకు మారింది. జాలం భ్రమ అని దీని అర్థం కాదు; చీమల బారు కూడా భ్రమ కాదు, అడుగు వేయబోయేవాడు దాన్ని చూసే తప్పుకుంటాడు.

ఇంకా మిగిలినది పశ్యంతి సంగతి. సిమొనీ వాడిన పద్ధతిలో ఒక శ్రోతలోని ఒక ప్రాంతాన్ని అదే శ్రోతలోని మరో ప్రాంతంతో పోల్చరు. తక్కిన శ్రోతలందరి సగటులోని ప్రాంతంతో పోలుస్తారు. ఒక్కొక్కరి సొంత ఆలోచనలు, గుండె చప్పుడు, కదలికలు ఇలా వడకట్టుకుపోయి, కథ అందరిలో ఉమ్మడిగా పుట్టించిన సంబంధాలే మిగులుతాయి. ఇంచుమించు అదే దారిలో 2012లో క్రిస్టఫర్ హనీ, హాసన్, వారి సహచరులు ఒక కథను ఆంగ్లంలోను, దాని అనువాదాన్ని రష్యన్‌లోను ఆయా భాషలవారికి వినిపించారు. చెవి దగ్గరి ప్రాంతాలలో రెండు గుంపులకూ పోలిక లేదు. డిఫాల్ట్ మోడ్ ప్రాంతాలతో సహా దూరపు ప్రాంతాలలో మాత్రం, వినిపించిన ధ్వనులు పూర్తిగా వేరైనా, రెండు గుంపుల స్పందన కలిసి నడిచింది. రష్యన్ రాని ఆంగ్లభాషీయులకు రష్యన్ కథ వినిపిస్తే ఆ పోలిక కనబడలేదు. ధ్వనులూ వర్ణక్రమమూ వేరైనా ఒకటిగా నిలిచేదేదో ఈ ప్రాంతాల్లో ఉందని, దాన్నే పశ్యంతి అనాలని ఎవరికైనా నోరూరుతుంది. కాని భర్తృహరి చెప్పిన పశ్యంతిలో క్రమం లేదు; ముందూ వెనుకా అన్నవి అందులో ఉపసంహృతమై ఉంటాయి. ప్రయోగం చూపిన ప్రాంతాలు దీనికి సరిగ్గా ఎదురు తిరిగినవి. ధ్వనికి ఎంత దూరమైతే అవి అంత నెమ్మదిగా కదులుతాయి, అంత పొడవైన క్రమాన్ని పట్టుకుని ఉంటాయి, పేరాలు తారుమారైతే చెవి దగ్గరి ప్రాంతాలు చలించకపోయినా అవి చెదిరిపోతాయి. లోపలికి వెళ్లినకొద్దీ క్రమం కరిగిపోతుందని వైయాకరణులు అన్నారు. లోపలికి వెళ్లినకొద్దీ క్రమం సాగుతుందని ఈ కొలతలు అంటున్నాయి.